గుండె వైఫల్యం: ఎకో తీశాక ఎంఆర్ఐ ఎందుకు?

గుండె రక్తాన్ని ఎంత బలంగా పంపుతోందో ఎకో చెబుతుంది. ఆ బలం ఎందుకు తగ్గిందో తెలియాలంటే కండరంలోని మార్పులు చూడాలి. అందుకే కొందరికి కార్డియాక్ ఎంఆర్ఐ రాస్తారు.

గడోలినియం అనే మందును నరానికి ఎక్కించి, అంతకు ముందూ తర్వాతా స్కాన్ తీస్తారు. గుండెపోటు మిగిల్చిన మచ్చల్లో మందు ఎక్కువసేపు నిలిచి తెల్లగా కనిపిస్తుంది. కండరమంతా పరుచుకున్న మార్పు అలా కంటికి దొరకదు. దాన్ని రెండు స్కాన్ల తేడాకు రక్తపరీక్షలోని హెమటోక్రిట్‌ను జోడించి, కణాల వెలుపలి భాగం ఎంతో లెక్కగట్టి తెలుసుకుంటారు. ఆరోగ్యవంతుల్లో ఇది సుమారు 25-30 శాతం. 40 దాటితే అమిలాయిడ్ ప్రొటీన్ పేరుకుందేమోనని అనుమానిస్తారు. దాని చికిత్స వేరు.

స్కాన్‌కు దాదాపు గంట పడుతుంది, మధ్యమధ్యలో ఊపిరి బిగబట్టాలి. పేస్‌మేకర్ ఉన్నా, కిడ్నీ జబ్బు ఉన్నా ముందే చెప్పండి.