ఖాళీ పార్కింగ్ స్థలంలో కుటుంబాలకు ఇళ్ళు: వీసా మీద ఉన్నవాళ్ళకు దొరుకుతాయా?

"అన్నా, అవి గవర్నమెంటు ఇళ్ళు కదా, వీసా మీద ఉన్నవాళ్ళకి మనకెందుకిస్తారు?" వర్జీనియాలో అద్దెల గురించి మాట్లాడినప్పుడల్లా ఎవరో ఒకరు ఈ మాట అంటారు. అంతటితో ఆ మాట అక్కడే ఆగిపోతుంది, అప్లికేషన్ పెట్టేవాళ్ళు ఉండరు. జీతంలో సగం అద్దెకే పోతోందని భార్యాపిల్లల్ని ఊళ్ళోనే ఉంచేసి, నలుగురైదుగురు కలిసి ఒక అపార్ట్‌మెంట్‌లో సర్దుకునేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు.

"మనకు రావు" అన్నది సగమే నిజం. కొన్ని ఇళ్ళు నిజంగానే మనకు రావు. కొన్నింటికి మాత్రం వీసా అడ్డం కాదు, ఆదాయం లెక్క ఒక్కటే చూస్తారు. ఈ తేడా తెలుసుకోవడానికి మనవాళ్ళు ఎక్కువగా ఉండే ఫెయిర్‌ఫాక్స్ కౌంటీనే ఉదాహరణగా తీసుకుందాం.

కౌంటీ ఏం చేస్తోంది?

కౌంటీ అంటే సుమారుగా మన జిల్లా యంత్రాంగం లాంటిది. ఫెయిర్‌ఫాక్స్‌లో భూమి ధర ఎక్కువ. ఒక కంపెనీ భూమి కొని, అపార్ట్‌మెంట్ కట్టి, తక్కువ అద్దెకిస్తే గిట్టుబాటు కాదు. అయితే కౌంటీకి సొంత భూములున్నాయి. ఆఫీసుల చుట్టూ పెద్ద పెద్ద పార్కింగ్ స్థలాలున్నాయి, వాటిలో చాలా భాగం ఎప్పుడూ నిండదు.

కౌంటీ ప్రధాన కార్యాలయం, అంటే గవర్నమెంట్ సెంటర్, ఆవరణలో ఉన్న కౌంటీ భూమిలోనే ముందుగా 270 అపార్ట్‌మెంట్లు కట్టించారు. దాని పేరు రెసిడెన్సెస్ ఎట్ ది గవర్నమెంట్ సెంటర్. రెండో విడతగా అదే ఆవరణలోని పార్కింగ్ స్థలంలో మరో 279 ఇళ్ళ పథకం పెట్టారు. రూట్ 1 వైపు నార్త్ హిల్ అనే చోట దశాబ్దాలుగా పడి ఉన్న ప్రభుత్వ భూమిలో కుటుంబాలకు, పెద్దవయసు వాళ్ళకు ఇళ్ళు కట్టి, పక్కన పార్కు కూడా ఇచ్చారు. 2034 నాటికి 10,000 కొత్త ఇళ్ళు, అదీ ఆదాయం తక్కువున్న కుటుంబాలకు అందే అద్దెలో, తేవాలని కౌంటీ లక్ష్యం పెట్టుకుంది. మొదట 5,000 అనుకుని తర్వాత రెట్టింపు చేశారు.

ఇది మన డబుల్ బెడ్‌రూమ్ పథకం లాంటిది కాదు. అక్కడ ప్రభుత్వం కట్టించి లబ్ధిదారుడికి ఇల్లు ఇచ్చేస్తుంది. ఇక్కడ భూమి ప్రభుత్వం పేరు మీదే ఉంటుంది. కట్టే కంపెనీకి 99 ఏళ్ళ లాంటి దీర్ఘకాల లీజుకిస్తారు. కంపెనీ కట్టి, నడిపి, అద్దె వసూలు చేసుకుంటుంది. దానికి బదులుగా అద్దె ఇంతకు మించకూడదు, ఇంత ఆదాయం లోపు వాళ్ళకే ఇవ్వాలి అని ఒప్పందం ఉంటుంది. మనకొచ్చేది అద్దె ఇల్లే. పట్టా రాదు, అమ్ముకోవడం కుదరదు.

కట్టడానికి డబ్బులో పెద్ద భాగం ట్యాక్స్ క్రెడిట్ నుంచి వస్తుంది. 1986లో వచ్చిన కేంద్ర పన్ను చట్టం ప్రకారం ఇలాంటి ఇళ్ళలో పెట్టుబడి పెట్టినవాళ్ళకు పన్ను తగ్గుతుంది. దానికి బదులుగా కనీసం 30 ఏళ్ళు ఆ ఇళ్ళు తక్కువ అద్దెకే ఉండాలి. దరఖాస్తు చేసేవాళ్ళకు ఈ ట్యాక్స్ క్రెడిట్ అన్న మాట ముఖ్యం. ఎందుకో కింద చూడండి.

ఏది వస్తుంది, ఏది రాదు?

సెక్షన్ 8 వోచర్, పబ్లిక్ హౌసింగ్: వీటికి ఇమ్మిగ్రేషన్ హోదా చూస్తారు. సిటిజన్లు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళు, శరణార్థులు లాంటివాళ్ళకే ఇస్తారు. హెచ్‌1బీ, ఎల్‌1, హెచ్‌4, ఎఫ్‌1 వీసాలకు రావు.

ట్యాక్స్ క్రెడిట్ ఇళ్ళు: వీటి పన్ను చట్టంలో సిటిజన్ అయి ఉండాలన్న షరతు లేదు. ఆదాయం చూస్తారు. అయితే ఒకే బిల్డింగులో కొన్ని ఫ్లాట్లకు వోచర్ సాయం కూడా కలిసి ఉండొచ్చు, ఆ ఫ్లాట్లకు మళ్ళీ హోదా అడుగుతారు. అందుకే లీజింగ్ ఆఫీసులో మొదటి ప్రశ్న ఇదే కావాలి: "ఈ ఫ్లాట్ ట్యాక్స్ క్రెడిట్ మాత్రమేనా, వోచర్ కూడా ఉందా?"

చదువుకునే పిల్లలకు ఒక హెచ్చరిక. ఇంట్లో అందరూ ఫుల్‌టైమ్ స్టూడెంట్లే అయితే, కొన్ని మినహాయింపులు తప్ప, ట్యాక్స్ క్రెడిట్ ఇల్లు ఇవ్వరు. ఎంఎస్ చదివే నలుగురు కుర్రాళ్ళు కలిసి తీసుకుందామంటే కుదరదు. తండ్రి ఉద్యోగం చేస్తూ పిల్లలు బడికి వెళ్తుంటే ఈ నియమం అడ్డు రాదు.

మన జీతానికి వర్తిస్తుందా?

చాలామంది ఇక్కడే పొరబడుతున్నారు. "తక్కువ ఆదాయం" అనగానే మనం కాదు అనుకుంటారు. ఆ ప్రాంతపు మధ్యస్థ ఆదాయంతో పోల్చి ఈ హద్దు గీస్తారు. 2024లో వాషింగ్టన్ ప్రాంతంలో నలుగురి కుటుంబానికి ఆ లెక్క 1,54,700 డాలర్లు. అందులో 60 శాతం అంటే 92,820 డాలర్లు. అంటే భార్య హెచ్‌4 మీద ఇంట్లో ఉండి, ఇద్దరు పిల్లలు, ఒక్కడి జీతం 85,000 అయితే ఆ కుటుంబం హద్దు లోపలే ఉంది. పెట్రోలు బంకులో, హోటల్లో, కిరాణా షాపులో పనిచేసే కుటుంబాల సంగతి చెప్పక్కర్లేదు. ఈ అంకె ఏటా మారుతుంది, కుటుంబంలో ఎంతమంది ఉన్నారన్న దాన్ని బట్టి కూడా మారుతుంది.

అద్దె గరిష్ఠ హద్దు కూడా ఇలాగే లెక్కకడతారు. అదే 2024 లెక్కన 60 శాతం హద్దులో రెండు బెడ్‌రూముల ఇంటికి నెలకు సుమారు 2,090 డాలర్లు దాటకూడదు. మనం కట్టే కరెంటు, గ్యాస్ లాంటి ఖర్చుల అంచనా కూడా అందులోనే కలిసి ఉంటుంది. 50 శాతం హద్దు ఇళ్ళకు ఇంకా తక్కువ.

ఒక సంగతి దాచకుండా చెప్పాలి. వోచర్‌లో మన ఆదాయం తగ్గితే మనం కట్టేదీ తగ్గుతుంది. ట్యాక్స్ క్రెడిట్ ఇంట్లో అలా కాదు. ప్రాజెక్టు అయిపోయి బెంచ్ మీద కూర్చున్నా అద్దె అంతే. కాబట్టి చేతిలో రెండు మూడు నెలల అద్దె ఉంచుకునే దిగండి. మంచి సంగతీ ఒకటుంది: చేరిన తర్వాత జీతం పెరిగిందని మామూలుగా ఖాళీ చేయించరు.

అప్లికేషన్ పెట్టేముందు

ఇంట్లో సంపాదించే పెద్దవాళ్ళందరి ఆదాయం లెక్కలోకి వస్తుంది. ఓవర్‌టైమ్, బోనస్ కూడా కలుపుతారు. ఊళ్ళో ఇంటి అద్దె, ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీ వస్తుంటే అవీ చెప్పాలి. దాస్తే తర్వాత ఇల్లు పోవచ్చు.

పే స్లిప్పులు, డబ్ల్యూ2, ట్యాక్స్ రిటర్న్, బ్యాంకు స్టేట్‌మెంట్లు ఒక ఫైల్లో పెట్టుకోండి. ఉద్యోగం నిజమేనా అని మీ యజమానికి ఫారం పంపుతారు. క్లయింటుకు కాదు, జీతం ఇచ్చే కన్సల్టెన్సీకి. వాళ్ళు జవాబివ్వకపోతే మీ వంతు దాటిపోతుంది, అందుకే హెచ్ఆర్‌కు ముందే చెప్పి ఉంచండి. భార్యాపిల్లలకు సోషల్ సెక్యూరిటీ నంబరు లేకపోతే ఏం కావాలో ఆఫీసులో ముందే అడగండి. క్రెడిట్ హిస్టరీ కూడా చూస్తారు.

ఇళ్ళు తక్కువ, అడిగేవాళ్ళు ఎక్కువ. వెయిటింగ్ లిస్టు తెరిచిన రోజే పేరు రాయాలి. ఒక్కచోట కాకుండా నాలుగైదు చోట్ల రాయండి. ఫోన్ నంబరు మారితే వెంటనే చెప్పండి, లేకపోతే పిలుపు వచ్చినా మీకు అందదు. "లిస్టులో ముందుకు జరుపుతాను" అని డబ్బు అడిగేవాళ్ళను నమ్మొద్దు. కట్టాల్సింది అప్లికేషన్ ఫీజే, అదీ రసీదుతో లీజింగ్ ఆఫీసుకే.

ఇలాంటి ఇంట్లో ఉంటే గ్రీన్ కార్డుకు ఇబ్బందా అని చాలామంది భయపడతారు. 2022లో ఖరారైన పబ్లిక్ చార్జ్ నిబంధన ప్రధానంగా ప్రభుత్వం ఇచ్చే నగదు సాయాన్ని చూసింది, తక్కువ అద్దె ఇంటిని కాదు. కానీ ఇమ్మిగ్రేషన్ నిబంధనలు ప్రభుత్వం మారితే మారతాయి. సంతకం పెట్టే రోజుకు ఏది అమల్లో ఉందో వకీలును ఒకసారి అడగండి.

వేరే చోట్ల ఉన్నవాళ్ళకు

కాలిఫోర్నియాలో మిగులు భూముల చట్టం ఉంది. నగరాలు, కౌంటీలు, ఇతర స్థానిక సంస్థలు తమకు అక్కర్లేని భూమిని అమ్మేముందు, తక్కువ అద్దె ఇళ్ళు కట్టేవాళ్ళకు మొదటి అవకాశం ఇవ్వాలి. 2019లో దీన్ని గట్టిపరిచారు. సియాటిల్ వైపు రైలు నడిపే సౌండ్ ట్రాన్సిట్ సంస్థ, ఇళ్ళకు పనికొచ్చే తన మిగులు భూమిలో కనీసం 80 శాతాన్ని ముందుగా ఇలాంటి ఇళ్ళకే ఇవ్వజూపాలని రాష్ట్ర చట్టం. అలా రూజ్‌వెల్ట్ స్టేషన్ పక్కన సీడర్ క్రాసింగ్ పేరుతో 254 ఇళ్ళు వచ్చాయి. బే ఏరియాలో, బెల్‌వ్యూలో, రెడ్‌మండ్‌లో ఉన్నవాళ్ళు మీ నగరం హౌసింగ్ విభాగం పేజీ నెలకొకసారి చూడండి.

చివరగా ఒక మాట. ఈ స్థలాల మీద నిర్ణయం జరిగేముందు బహిరంగ విచారణ పెడతారు. ట్రాఫిక్ పెరుగుతుందని, బళ్ళు నిండిపోతాయని అభ్యంతరం చెప్పేవాళ్ళు తప్పకుండా వస్తారు. ఇల్లు కావాల్సినవాళ్ళు మాత్రం ఆ టైముకు డ్యూటీలో ఉంటారు. అక్కడ మాట్లాడటానికి ఓటు హక్కు అక్కర్లేదు, ముందుగా పేరు రాయించుకుంటే చాలు. వెళ్ళలేకపోతే నాలుగు లైన్లు రాసి పంపండి: మేం ఇక్కడే పనిచేస్తున్నాం, పన్ను కడుతున్నాం, మా కుటుంబానికి ఇంత అద్దె అవుతోంది అని. మనం చెప్పకపోతే మన లెక్క వాళ్ళకు తెలియదు.