పిల్లలను దిద్దడానికి కోటగోడలెందుకు?

"మొక్కై వంగనిది మానై వంగునా" అన్నారు మన పెద్దలు. తప్పుదారి పట్టిన పిల్లలను సంస్కరణ పాఠశాలలో పడవేయమనేవారు తరచు ఈ సామెతనే వల్లిస్తారు. సామెతలో తప్పు లేదు. కాని మొక్కను వంచడానికి దగ్గర కూర్చునే మనిషి ఒకడు కావలె. వందలమంది పిల్లలను ఒక్క ప్రహరీలో ఉంచితే ఆ మనిషి ఎక్కడినుంచి వస్తాడు?

ఈ పాఠశాలలు దురుద్దేశంతో పుట్టినవి కావు. పెద్ద ఖైదీల నడుమ పసివాళ్ళు చెడిపోతున్నారని గ్రహించి, 1876లోను, తిరిగి 1897లోను ప్రభుత్వం వీటికోసం చట్టాలు చేసింది. మద్రాసు రాజధానిలో చెంగల్పట్టున 1887లో ఇటువంటి పాఠశాల వెలసింది. 1920లో మద్రాసు బాలల చట్టం వచ్చింది. నెల్లూరు మొదలు విశాఖ వరకు గల మన జిల్లాలు అప్పట్లో ఆ రాజధానిలోనివే. జైలుకంటె ఇది మేలన్నమాట నిజం.

అయితే సంఖ్య పెరిగేకొద్దీ సంస్థ స్వభావమే మారిపోతుంది. పదిమంది ఉన్నచోట పేరుపెట్టి పిలుస్తారు. మూడువందలమంది ఉన్నచోట తలలు లెక్కపెడతారు. గంట కొడితే లేవడం, గంట కొడితే తినడం, వరుసలో నిలవడం - ఇదే శిక్షణ అవుతుంది. గోల లేకపోతే చాలు, అంతా సవ్యంగా ఉన్నదని పైవారు తృప్తిపడతారు. ఆకలివేసి అరటిపళ్ళు దొంగిలించినవాడూ, తాళాలు తీయడంలో ఆరితేరినవాడూ పక్కపక్కనే పడుకుంటారు. రాత్రిపూట ఎవరు ఎవరికి పాఠం చెబుతారో వేరే చెప్పనక్కరలేదు. బలవంతుడు కొట్టినా, కాపలావాడే కొట్టినా, ఆ ఏడుపు గోడ దాటి రాదు. ఊరు దూరమైతే తల్లి వచ్చి చూసేది ఏ ఆరునెలలకో. చివరకు ఆ పిల్లవాడు గంట లేని లోకంలోకి వచ్చి, ఏం చెయ్యాలో తోచక, పాత స్నేహితులనే వెతుక్కుంటాడు.

అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం ఈ సంగతి అనుభవంమీద తెలుసుకున్నది. ఆ దేశంలో రాష్ట్రప్రభుత్వం నడిపిన మొదటి బాలుర సంస్కరణ పాఠశాలను 1848లో అక్కడి వెస్ట్‌బరోలో తెరిచారు. తరువాత దానికే లైమన్ పాఠశాల అని పేరు వచ్చింది. 1969లో జెరోమ్ మిల్లర్ అనే ఆయన యువజన సేవాశాఖకు అధిపతిగా వచ్చారు. మొదట ఆయన ఈ పాఠశాలలను బాగుచేయాలనే చూశారు. పిల్లలను తమ బట్టలు తాము తొడుక్కోనిచ్చారు, జుట్టు పెంచుకోనిచ్చారు, మౌనంగా వరుసల్లో నడిపించడం మాన్పించారు. పాతుకుపోయిన పద్ధతులు కదలలేదు. దానితో 1972 నాటికి పెద్ద పాఠశాలలను దాదాపు అన్నిటినీ మూసివేసి, పిల్లలను చిన్న గృహాలకు, పెంపుడు కుటుంబాలకు, సొంత ఇళ్ళకు పంపించారు. ప్రమాదకరమైన కొద్దిమందికి మాత్రం కాపలాగల చిన్న వసతులు ఉంచారు.

దీనిపై హార్వర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చెప్పినది గమనించదగ్గది. రకరకాల ఏర్పాట్లు చక్కగా చేసిన ప్రాంతాలలో మళ్ళీ నేరం చేసేవారు తగ్గారు. ఏర్పాట్లు కొరవడినచోట తగ్గలేదు. అనగా తలుపు తీయడం ఒక్కటే చాలదు. తీసిన తలుపు బయట ఎవరో ఒకరు నిలబడి ఉండవలె.

మన దేశంలో 2015 నాటి బాలల న్యాయ చట్టం కూడా, సంస్థలో ఉంచడం చిట్టచివరి మార్గమే కావాలంటున్నది. బాలల న్యాయమండలి పిల్లవాణ్ణి మందలించి ఇంటికి పంపవచ్చు; తల్లిదండ్రుల పూచీమీదనో, యోగ్యుడైన మరొకరి పూచీమీదనో విడువవచ్చు. కాని పూచీపడేవారే లేని పిల్లవాడికి ఆ దయ కాగితంమీదనే మిగులుతుంది.

ఇక్కడే మనవంటి కుటుంబాలకు పని ఉన్నది. ఊరుగాని ఊరు వచ్చి స్థిరపడినవాళ్ళం మనం. మొదట వచ్చిన మన తాతలకు ఎవరో అరుగుమీద చోటిచ్చి, "ఈ అబ్బాయి మావాడే" అని పూచీపడినందువల్లనే గదా వారు నిలదొక్కుకున్నారు! మన వీధిలో ఏ కుర్రవాడైనా దారితప్పితే, "లోపల వేస్తే పీడ వదులుతుంది" అనేముందు, నలుగురు పెద్దలు కూడి, వాడికొక పని చూపగలమా, సాయంకాలాలు నాలుగక్షరాలు చెప్పగలమా, మండలి ముందు వాడి తల్లిదండ్రులకు అండగా నిలవగలమా అని యోచించాలని మా మనవి. లోపల వేసినవాడు ఎప్పటికైనా మన వీధికే తిరిగి వస్తాడు. అప్పటికి మొక్క మానై ఉంటుంది.