అడుగుట, కోరుట, వేడుకొనుట: ఇంగ్లీషు మాటల తారతమ్యము

పిల్లల చదువునకు సంబంధించిన యేదేని యొక విషయమును గూర్చి ఈ సంచికలో మీతో ముచ్చటించుట నాకు అలవాటు. ఈ మారు ఎత్తుకొన్న విషయము చిన్నదిగా తోచవచ్చును. ఒకరిని మనమేదైన కోరునపుడు ఇంగ్లీషున ఏ మాట వాడవలయును? ఇదియే ప్రశ్న.

గడచిన సంవత్సరము ఒక తండ్రి తన కుమారుని టీ.సీ. కొఱకు ఇంగ్లీషులో ఒక అర్జీ వ్రాయించి తెచ్చెను. అందు బెగ్, బిసీచ్, ఇంప్లోర్ అను మూడు మాటలును ఒకే వాక్యమున నుండెను. నాకు నవ్వు రాలేదు, మనస్సు కష్టపడినది. ఎవరు వ్రాసిరని అడిగితిని. "డబ్బిచ్చి వ్రాయించినాను అయ్యవారూ. ఎంత వంగి వ్రాస్తే పని అంత త్వరగా అవుతుందని చెప్పినారు" అనెను. చదువు ముగించిన పిల్లవానికి టీ.సీ. న్యాయముగా చెందవలసిన కాగితము. దానికై తండ్రి కన్నీరు కార్చవలసిన పని లేదు.

ఆ నెలలోనే పదవ తరగతి విద్యార్థి యొకడు జ్వరముచే మూడు దినములు రాలేక, "ఐ వాంట్ లీవ్" అని మాత్రము వ్రాసి పంపెను. ఒకరిది మితిమీరిన వినయము, మఱియొకరిది వినయలోపము. ఇరువురి మనస్సులందును దోషము లేదు. మాటల బరువు తెలియకపోవుటయే కారణము.

ఈ బరువులను తూచు త్రాసు మన పిల్లలకు ఇంటనే యున్నది. పొరుగింటివారిని మజ్జిగ తోడు అడుగుదుము. పెద్దల దీవెన కోరుదుము. అధికారికి విన్నవించుకొందుము. అలిగిన పిల్లవానిని అన్నము తినుమని బ్రతిమాలుదుము. దైవమును వేడుకొందుము. దిక్కు తోచనపుడు మొఱపెట్టుకొందుము. మజ్జిగ తోడుకై మొఱపెట్టుకొన్నవారిని చూచితిమా? ఈ భేదము తెలుగున తెలిసిన బిడ్డకు ఇంగ్లీషున నేర్పుట కష్టము కాదు.

మొదటిది ఆస్క్. ఇది మన 'అడుగు' వంటిదే. సంగతి అడుగుటకును, వస్తువు నడుగుటకును రెండింటికిని చెల్లును. ఇందు వినయము గాని గర్వము గాని లేదు.

రెండవది రిక్వెస్ట్. ఇది మర్యాదతో కోరుట. కోరువాడు తల వంచడు, తల యెగురవేయడు. ఆఫీసు ఉత్తరములకు ఈ మాట చాలును. ఇక్కడ పిల్లలు తఱచుగా చేయు పొరపాటు ఒకటి గలదు. రిక్వెస్ట్ క్రియగా నున్నపుడు దాని వెనుక 'ఫర్' రాదు. "ఐ రిక్వెస్ట్ ఫర్ లీవ్" అనుట తప్పు. నామవాచకమైనపుడు "ఎ రిక్వెస్ట్ ఫర్ లీవ్" అనవచ్చును.

మూడవది బెగ్. దీని మొదటి యర్థము యాచించుట. అయినను "ఐ బెగ్ యువర్ పార్డన్" అనునపుడు అది వట్టి మర్యాదవాక్యమే. అందు చేయి చాచుట లేదు. పాత ఉత్తరములలోని "ఐ బెగ్ టు స్టేట్" అనునదియు అట్టిదే. నేటి ఉత్తరములకు దాని యవసరము లేదు.

ఎంట్రీట్ అనగా బ్రతిమాలుట. ఎదుటివాని మనస్సు మార్చుటకు మరల మరల నచ్చజెప్పుచు కోరుట ఇందలి విశేషము. పరీక్షలకు ముందు బడి మానెదనను కుమారుని తల్లి బ్రతిమాలుట ఎంట్రీట్.

బిసీచ్ అనగా వేడుకొనుట. వెదకుట అను అర్థముగల 'సీక్' అను మాటతో దీనికి చుట్టరికము గలదు. షేక్స్పియరు నాటకములలో ఇది అడుగడుగున కనబడును. నేడు ప్రార్థనలలోను పాత గ్రంథములలోను చెల్లునే గాని సెలవుచీటీలో చెల్లదు.

ఇంప్లోర్ అను మాట లాటిను భాషలో ఏడ్చుట అను అర్థముగల ధాతువునుండి పుట్టినది. ఆపద ముంచుకొనివచ్చి, ఎదుటివాడు తప్ప వేఱు దిక్కు లేనపుడు పలుకవలసిన మాట యిది. మకరి నోట చిక్కి బలముడిగిన గజేంద్రుని మొఱ ఇంప్లోర్. సప్లికేట్ అను మాటయు దీనికి దగ్గఱిదే. వంగి మోకరిల్లుట దాని మూలమందలి భావము.

ప్లీడ్ అను మాట న్యాయస్థానమునుండి వచ్చినది. మనకు తెలిసిన 'ప్లీడరు' ఈ కుటుంబములోనివాడే. కావున ప్లీడ్ అనునపుడు కన్నీటితోబాటు కారణములు గూడ నుండును. ఇతరుల పక్షమునను ప్లీడ్ చేయవచ్చును. అయిదూళ్లైన ఇమ్మని పాండవుల పక్షమున శ్రీకృష్ణుడు కౌరవసభలో పలికినది ఇట్టిది. మనుష్యునితో ప్లీడ్ చేయునపుడు 'విత్' అనియు, కోరిన వస్తువునకై లేక ఎవని పక్షమున మాటాడుదుమో వానికై 'ఫర్' అనియు చేర్చవలయును.

అపీల్ అను మాటకు పిలుచుట, సంబోధించుట అను అర్థములుగల లాటిను పదము మూలము. క్రింది కోర్టు తీర్పు నచ్చనివాడు పై కోర్టునకు అప్పీలు చేయును. వరదలు వచ్చినపుడు విరాళములకై ప్రజలకు చేయు విజ్ఞప్తియు అపీలే. ఎదుటివారి న్యాయబుద్ధినో దయనో మేలుకొలుపుట ఇందు ముఖ్యము.

ఈ రెండు కొనలును ఒకే కథలో చూడవలెనన్న ద్రౌపదిని తలచుకొనవలయును. తన్నుతానోడిన పిమ్మట ధర్మరాజునకు నన్నొడ్డు అధికారమెక్కడిదని ఆమె సభవారిని ముందు ప్రశ్నించెను. అది న్యాయమునకు చేసిన అపీల్. పెద్దలు తల వంచుకొని యూరకుండగా, పిమ్మట కృష్ణుని పిలిచి మొఱపెట్టుకొనెను. అది ఇంప్లోర్. ఆమె మొదటనే యేడ్వలేదు. న్యాయమడుగవలసిన చోట న్యాయమే అడిగెను.

తమిళనాడున ఉన్న మనకు మఱియొక మాట ప్రతిదినము కంటబడును. ఇచ్చటి ఆఫీసు కాగితములపై 'విణ్ణప్పం' అని యుండును. మన విన్నపమును ఆ విణ్ణప్పమును ఒకటే. రెండును సంస్కృత 'విజ్ఞాపన'మునుండి వచ్చినవి. విజ్ఞాపన మనగా తెలియజేయుట. అనగా విన్నపమునందు మొదట నుండవలసినది వంగుట కాదు, విషయము తెలియజెప్పుట.

ఇది సెలవుచీటీలతో ముగియు సంగతి కాదు. మన బడిని గూర్చియు, భాషను గూర్చియు అధికారులకు వ్రాయునపుడు గూడ ఇది పనికివచ్చును. భారత రాజ్యాంగము 30వ అధికరణము భాషాల్పసంఖ్యాకులకు తమకు నచ్చిన విద్యాసంస్థలను స్థాపించి నిర్వహించుకొను హక్కు నిచ్చినది. అక్కడి మాట 'రైట్', అనగా హక్కు. 1956లో ఏడవ సవరణచే చేరిన 350-ఎ అధికరణము, ప్రాథమిక దశలో మాతృభాషాబోధనకు తగిన సౌకర్యములు కల్పించుటకు రాష్ట్రములును స్థానిక సంస్థలును ప్రయత్నింపవలెనని చెప్పుచున్నది. అక్కడి మాట 'ఎండెవర్', అనగా ప్రయత్నము.

మొదటిదానికై బెగ్ అని వ్రాసినచో మన స్థానమును మనమే తగ్గించుకొన్నవారమగుదుము. రెండవదానికై డిమాండ్ అని యొక్క మాట వ్రాసి యూరకుండినను చాలదు. తరగతిలో పిల్లలెందఱు, ఉపాధ్యాయుడు ఏ నెలనుండి లేడు, పుస్తకములు ఎన్ని రావలయును అను లెక్కలు చూపి రిక్వెస్ట్ చేయవలయును. అవసరమైనచో కారణములతో ప్లీడ్ చేయవలయును. 350వ అధికరణము ప్రకారము ఎవరైనను తమ ఇబ్బందిని కేంద్రములోగాని రాష్ట్రములోగాని వాడుకలోనున్న భాషలలో దేనియందైనను అధికారులకు విన్నవించుకొనవచ్చును. ఆ విన్నపమునకు అక్కడ వాడిన మాట 'రిప్రెజెంటేషన్'. అది యాచనాపత్రము కాదు.

కావున ఇంట పిల్లలచే ఉత్తరము వ్రాయించునపుడు మూడు ప్రశ్నలు వేయుడు. ఇది మనకు చెందవలసినదా? అయినచో రిక్వెస్ట్ చాలును. ఎదుటివారు దయతో చేయవలసిన మేలా? అయినచో రిక్వెస్ట్ తోబాటు కారణమును, కృతజ్ఞతయు నుండవలయును. నిజముగా ప్రాణాపాయమా? అప్పుడు ఇంప్లోర్ అనినను తప్పు లేదు. ప్రతి చీటీలోను ఇంప్లోర్ అనువాడు నిజమైన ఆపదవేళ వాడుటకు ఏ మాటయు మిగుల్చుకొనడు.

ఆ తండ్రి అర్జీని నేను రెండు వాక్యములకు కుదించితిని. కుమారుని పేరు, తరగతి, చదువు ముగించిన సంవత్సరము, టీ.సీ. ఇప్పింపుమని యొక రిక్వెస్ట్, అంతే. ఆయన చదివించుకొని, "ఇంత పొట్టిగా ఉంటే మర్యాద తక్కువ కాదా అయ్యవారూ?" అని అడిగెను. 'ప్లీజ్' అను నొక మాట చేర్చి, మర్యాదకు ఇది చాలునంటిని. గుమాస్తా ఆ మధ్యాహ్నమే టీ.సీ. సిద్ధము చేసెను. పాత అర్జీని ఇచ్చినను అదే మధ్యాహ్నమున సిద్ధమై యుండెడిది. అయితే ఆ కాగితమును కుమారుడే తన చేతులతో నాకందించెను. తన తండ్రి ఏ మాటలతో అడిగెనో ఆ పిల్లవాడు చదివెను. దానిని వాడు మఱచిపోడు.

తల్లిదండ్రులు ఈ సంగతి మనస్సున నుంచుకొందురు గాక. ఇదియే నా విన్నపము.