తవ్వే ముందు వినాలి

పోర్టు అనగానే మనకి క్రేన్లు, కంటైనర్లు గుర్తొస్తాయి. కానీ పోర్టు పని మొదలయ్యేది నీళ్ల కింద. పెద్ద ఓడ రావాలంటే లోతు కావాలి. అందుకే సముద్రం అడుగున మట్టిని తోడేస్తారు, దీన్నే డ్రెడ్జింగ్ అంటారు. ఆ మట్టిలో పాత ఓడో, మునిగిపోయిన ఊరో ఉంటే మట్టితో పాటే పోతుంది. కోడ్‌లో తప్పు చేస్తే అన్‌డూ ఉంటుంది, ఇక్కడ ఉండదు. అందుకే చాలా దేశాల్లో తవ్వే ముందు పురావస్తు సర్వే చేస్తారు.

ఈ సర్వేలో చూడటం తక్కువ, వినడం ఎక్కువ. బురద నీళ్లలో వెలుతురు ఎంతో దూరం పోదు, శబ్దం పోతుంది. నీళ్లలో శబ్దం వేగం సెకనుకు సుమారు 1500 మీటర్లు. 20 మీటర్ల లోతుకి వెళ్లి తిరిగి రావడానికి దానికి దాదాపు 27 మిల్లీసెకన్లు పడుతుంది. ఈ టైమ్‌ని కొలిచి మల్టీబీమ్ సోనార్ అడుగు భాగానికి మ్యాప్ గీస్తుంది. సైడ్ స్కాన్ సోనార్ శబ్దాన్ని పక్కలకి ఏటవాలుగా పంపుతుంది. ఏదైనా వస్తువు పైకి లేచి ఉంటే దాని వెనక నీడ పడుతుంది, నీడ పొడవుని బట్టి ఎత్తు లెక్కేస్తారు. మాగ్నెటోమీటర్ ఇనుముని పసిగడుతుంది. సబ్ బాటమ్ ప్రొఫైలర్ పంపే తక్కువ ఫ్రీక్వెన్సీ శబ్దం బురదలోకి దిగి, పొర మారిన ప్రతిచోటా కొంత వెనక్కి వస్తుంది. అలా మట్టి కింద ఉన్న పాత నేల కూడా తెలుస్తుంది.

నాకు బాగా నచ్చిన ఉదాహరణ నెదర్లాండ్స్‌లోని రాటర్‌డ్యామ్ పోర్టు. మాస్‌వ్లాక్టే 2 అనే కొత్త భాగం కట్టేటప్పుడు, అక్కడికి దారిగా యాంగ్జీ హార్బర్‌ని లోతు చేయాల్సి వచ్చింది. సర్వేలో ఓడా దొరకలేదు, గోడా దొరకలేదు. బురద కింద పాతకాలపు నది ఒడ్డున ఉండే ఇసుక దిబ్బ ఒకటి కనిపించింది, అంతే. పైకి అది డేటాలో చిన్న వంపు మాత్రమే. కానీ పురావస్తు వాళ్లు వేరేలా ఆలోచించారు. చుట్టూ చిత్తడి నేల ఉన్నప్పుడు మనిషి ఎక్కడ ఉంటాడు? ఎత్తైన, పొడి చోటే కదా!

సోనార్ దిబ్బని చూపిస్తుంది గానీ మనుషులు ఉన్నారో లేదో చెప్పలేదు. అందుకని ముందు గొట్టాలు దించి మట్టి నమూనాలు తీశారు. వాటిలో ఆధారాలు కనిపించాక, 2011లో పెద్ద గ్రాబ్ క్రేన్‌తో దిబ్బ మట్టిని పొరలు పొరలుగా ఎత్తారు. ఏ ముద్ద ఎక్కడిదో రాసుకుని, ఒడ్డున జల్లెడ పట్టారు. బొగ్గు, కాలిన ఎముకలు, చెకుముకి రాతి ముక్కలు, చేపల అవశేషాలు బయటపడ్డాయి. సుమారు 9000 ఏళ్ల కిందట అక్కడ వేటాడి, చేపలు పట్టి, నిప్పు రాజేసుకుని బతికినవాళ్లవి. మంచు యుగం ముగిశాక సముద్రమట్టం పెరిగి ఆ నేల మునిగిపోయింది. ఇదంతా చేసినా పోర్టు ఆగలేదు, 2013లో మాస్‌వ్లాక్టే 2 తెరిచారు. సర్వేని ముందు నుంచే ప్లాన్‌లో పెట్టుకోవడమే కారణం అని నాకనిపిస్తుంది. పని సగమయ్యాక ఏదైనా బయటపడితేనే అసలు గొడవ.

ఈ డచ్చి వాళ్లే 17వ శతాబ్దం మొదట్లో మన మచిలీపట్నం వచ్చి వ్యాపారం మొదలుపెట్టారు. వాళ్లకంటే ముందు నుంచీ అది రేవు పట్టణమే. 1864 తుఫాను ఆ ఊరిని తుడిచిపెట్టినంత పని చేసింది. ఇప్పుడు అదే తీరంలో కొత్త పోర్టు కడుతున్నారు. పోర్టు రావాల్సిందే, మనలో కొందరికి ఉద్యోగాలు అక్కడే రావచ్చు. అయితే అలాంటి తీరంలో ఎక్కడ డ్రెడ్జర్ దిగినా, ముందు సోనార్ దిగిందా అని అడగడం మన హక్కు. ఆ డేటాలో చిన్న వంపుని గుర్తుపట్టే ప్రోగ్రామ్ రాయడం మాత్రం మన బ్రాంచ్ పని.