నివాస ఎంపికపై పరిసర దృశ్య, శబ్దాల ప్రభావం

ఇల్లు కొనేటపుడు గానీ అద్దెకు తీసుకొనేటపుడు గానీ మనుషులు ధర, నీటి వసతి, పనిచోటికి గల దూరంతో పాటు ఆ వీధిలో కంటికి కనిపించేవాటిని, చెవికి వినిపించేవాటిని కూడా లెక్కలోకి తీసుకుంటారు. ఆంధ్రప్రదేశ్ లోని పల్నాడు ప్రాంతంలో సున్నపురాయి పరిశ్రమ, కొండలు, తిరునాళ్ళు ఉన్నందున ఈ ప్రభావాన్ని పలు రూపాలలో గమనించవచ్చు.

ప్రభావం తీరు

ఇంటి ధరలో దాని పరిసరాల విలువ కూడా ఇమిడి ఉంటుందని ఆర్థికశాస్త్రంలోని హెడోనిక్ ధరల సిద్ధాంతం చెబుతుంది. షెర్విన్ రోజెన్ 1974లో దీనికి సైద్ధాంతిక రూపమిచ్చాడు. దీని ప్రకారం మిగిలినవన్నీ సమానమైనపుడు నిశ్శబ్దమైన వీధిలోని ఇంటికి ఎక్కువ ధర పలుకుతుంది.

దృశ్యాల ప్రభావం ఆరోగ్యంపై కూడా ఉంటుంది. 1984లో రోజర్ ఉల్రిచ్ ప్రచురించిన అధ్యయనంలో, పిత్తాశయ శస్త్రచికిత్స తరువాత కిటికీలోనుండి చెట్లు కనిపించిన రోగులు, ఇటుక గోడ మాత్రమే కనిపించిన రోగులకంటే త్వరగా ఇంటికి వెళ్ళారు.

శబ్ద తీవ్రతను డెసిబెల్ లలో కొలుస్తారు. 10 డెసిబెల్ లు పెరిగితే శబ్దశక్తి పది రెట్లవుతుంది; చెవికి సుమారు రెట్టింపుగా వినిపిస్తుంది. శబ్దానికి అలవాటు పడ్డామని భావించేవారిలో కూడా నిద్రలో గుండె వేగం పెరగడం వంటి స్పందనలు పూర్తిగా ఆగవు.

పల్నాడులో

పిడుగురాళ్ళ సున్నపు బట్టీలకు ప్రసిద్ధి. సున్నపురాయిని బట్టీలలో కాల్చి సున్నం తయారు చేస్తారు. బట్టీల పొగ, తెల్లని ధూళి, రాయి మోసే లారీల రొద చుట్టుపక్కల నివాసాలకు చేరుతాయి. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన పల్నాడు జిల్లాకు కేంద్రమైన నరసరావుపేట వర్తక పట్టణం. ఇటువంటి పట్టణాలలో ప్రధాన రహదారి పక్క స్థలం దుకాణానికి అనుకూలం, నిద్రకు ప్రతికూలం.

అన్ని శబ్దాలూ ఒకే విధంగా బాధించవు. నరసరావుపేటకు సమీపంలోని కోటప్పకొండకు మహాశివరాత్రినాడు విద్యుద్దీపాలతో, మైకులతో ఎత్తైన ప్రభలు తరలివస్తాయి. ఆ మోత ఏటా తెలిసిన రోజున వచ్చేది, ఊరంతా కోరుకునేది. ప్రతి రాత్రీ వచ్చే లారీ శబ్దం అంతకంటే చిన్నదైనా ఎక్కువ చికాకు కలిగించవచ్చు.

నిబంధనలు

భారతదేశంలో 2000 నాటి శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాలలో పరిమితి పగలు 55, రాత్రి 45 డెసిబెల్ లు. పారిశ్రామిక ప్రాంతాలలో 75, 70. రాత్రి అనగా 10 గంటల నుండి ఉదయం 6 గంటల వరకు. పండుగల సందర్భంగా అర్ధరాత్రి వరకు మైకులకు రాష్ట్ర ప్రభుత్వం సడలింపు ఇవ్వవచ్చు. అటువంటి రోజులు ఏడాదికి 15కు మించరాదు.

ఎంపికకు పరిమితులు

ఎంపిక అందరికీ సమానంగా ఉండదు. రోజు కూలీకి పని దగ్గరలో ఉండటం ముఖ్యం. దూరంగా ఉంటే దారి ఖర్చు, సమయం కూలిని తగ్గిస్తాయి. అందువలన ధూళి, రొద ఉన్నచోట నివసించడం ఇష్టానికి గుర్తు కాకపోవచ్చు. అద్దె తక్కువైనంత మాత్రాన ఆరోగ్య నష్టం తీరదు. పైగా ఇంటిని సాధారణంగా పగటిపూట చూస్తారు కనుక రాత్రి శబ్దాలు కాపురం పెట్టిన తరువాతే తెలుస్తాయి.

ఇవి కూడా చూడండి

శబ్ద కాలుష్యం
పిడుగురాళ్ళ
కోటప్పకొండ