అంతర్జాతీయ వ్యవహారాల చదువు మనకెందుకు?

పదో తరగతి తర్వాత ఏం చదవాలని పిల్లలు అడిగితే మనం ఇంజనీరింగ్, ఫార్మసీ, బి.ఎడ్. పేర్లే చెబుతాం. అంతర్జాతీయ వ్యవహారాలంటే పెద్దింటి పిల్లల చదువనుకుంటాం. కాని దుబాయికో, రియాద్‌కో మనిషిని పంపిన ప్రతి ఇంటికీ ఆ చదువుతో సంబంధం ఉంది.

ఒక ఉదాహరణ చూద్దాం. పరాయి దేశంలో మనవాడిని పోలీసులు నిర్బంధిస్తే, అతడు కోరిన వెంటనే మన రాయబార కార్యాలయానికి కబురు చేయాలి. 1963 నాటి వియన్నా కాన్సులర్ ఒప్పందంలోని 36వ అధికరణం ఇచ్చిన హక్కు ఇది. ఇది తెలియని కుటుంబం ఏజెంటు చుట్టూ తిరుగుతుంది. ఇలాంటి ఒప్పందాలు ఎలా పుడతాయి, ఎక్కడ అమలు కావు, ఎందుకు కావు అన్నదే ఈ చదువు. చరిత్ర, రాజనీతి, ఆర్థికం, న్యాయం ఇందులో కలిసి ఉంటాయి.

ఢిల్లీలో 1955లో మొదలైన అంతర్జాతీయ అధ్యయనాల సంస్థ 1970లో జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో కలిసింది. అక్కడ పశ్చిమాసియాకు ప్రత్యేక కేంద్రమే ఉంది. ఎం.ఏ. ప్రవేశానికి సీయూఈటీ పీజీ పరీక్ష రాయాలి. విదేశాంగ సర్వీసుకు దారి సివిల్స్ పరీక్ష. దానికి ఏ డిగ్రీ అయినా చాలు.

ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు, ఇంగ్లీషు, కొందరికి అరబ్బీ అక్షరాలు కూడా వచ్చు. ఈ రంగంలో భాషలే పెట్టుబడి. అమ్మాయిలకైనా, అబ్బాయిలకైనా ఇంటర్ నుంచే పత్రికలో విదేశీ వార్తలు చదివించండి. పక్కన ఒక అట్లాసు ఉంచండి. మేము బడిలో చెప్పేదీ అదే.