అగ్నిశిఖ అందం... చూడ్డానికే, తవ్వడానికి కాదు!

1947లో బ్రిటన్ యువరాణి ఎలిజబెత్ దక్షిణ రొడీషియా వెళ్లినప్పుడు, ఆమె 21వ పుట్టినరోజు కానుకగా అక్కడి బడిపిల్లలు వజ్రాలు పొదిగిన పూవు బ్రోచ్ ఇచ్చారు. ఆ పూవు అసలు రూపం చూడాలంటే అంతదూరం వెళ్లనక్కర్లేదు. వానలు పడితే మన నల్లమల అడవుల్లో, పల్లెల్లో చేల కంచెల మీద పూస్తుంది. అదే అగ్నిశిఖ! అడవినాభి, పొత్తిదుంప అన్నా ఇదే. అప్పటి రొడీషియా, ఇప్పటి జింబాబ్వేకి ఇది జాతీయ పుష్పం. పక్కనున్న తమిళనాడుకి రాష్ట్ర పుష్పం.

వెనక్కి వంగిన ఆరు రేకులు, అలల్లాంటి అంచులు... ముందు పసుపు, తర్వాత ఎరుపు. ఆకు కొసలే తీగలై కంచెను పట్టుకు పాకుతాయి. నల్లకుంటలో డాబా మీద నాలుగు కుండీలు పెంచుకునే ఇల్లాలికైనా ‘ఊరెళ్లినప్పుడు ఓ దుంప తవ్వి తెచ్చుకుంటే పోలా!’ అనిపిస్తుంది. చిక్కంతా అక్కడే.

ఈ మొక్క ప్రాణం దుంపలోనే ఉంది. ఏటా పాత దుంప ఎండి, కొత్తది ఊరుతుంది. చలికాలానికి తీగ ఎండినా, తొలకరికి దుంపే మళ్లీ చిగురిస్తుంది. దాన్ని తవ్వేస్తే మరుసటేడు అక్కడ పూవుండదు. గింజ నుంచి ఎదిగి పూయాలంటే కొన్నేళ్లు పడుతుంది మరి!

మందుల కోసమూ దీనికి గిరాకీ ఎక్కువే. ఇందులోని కాల్చిసిన్‌ను గౌట్ అనే కీళ్లవాపు మందులో వాడతారు. తమిళనాడులో దిండిగల్, కరూర్ వైపు రైతులు గింజల కోసమే సాగు చేస్తారు. ఎక్కువ కాయలు కట్టేందుకు పూవు పూవుకీ చేత్తోనే పుప్పొడి అంటిస్తారు. ఇంత సాగున్నా, నాటే దుంపల కోసం అడవిని తవ్వడం వల్లే దీనికి ముప్పు.

ఆ కాల్చిసినే విషం కూడా! నాగలిలా వంకర తిరిగిన ఈ దుంపను తినే దుంపనుకుని వండుకుని ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు. గర్భం పోవడానికి నాటుమందుగా వాడిన స్త్రీలూ బలయ్యారు. ఎవరు చెప్పినా ఆ జోలికి పోకండి. పొరపాటున ఎవరైనా తింటే, వాంతులు మొదలయ్యేదాకా ఆగక వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

పెంచుకోవాలని అంత ముచ్చటగా ఉందా? నర్సరీలో పెంచిన దుంపేనా, అడవి నుంచి తవ్వి తెచ్చిందా అని అడిగి కొనండి. గ్లౌజులు వేసుకుని నాటండి. ఇంట్లో పసిపిల్లలుంటే మాత్రం వద్దే వద్దు. అడవిలో కనిపిస్తే కళ్లారా చూసి, ఫొటో తీసుకుని వచ్చేయండి. వచ్చే వానాకాలం అక్కడే మళ్లీ పూస్తుంది!